మందు లేని గుండు

తుపాకీ మందు కొలుస్తున్న కృష్ణమోహన్ చేతిలోంచి కొన్ని గింజలు బల్ల మీద రాలాయి. ఆవగింజల్లా నల్లగా ఉన్న ఆ గింజలు చప్పుడు కూడా చేయలేదు. చెత్తసంచీ పట్టుకుని గరాజులోకి వచ్చిన రాధారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను ఆమెను చూడలేదు. పాత విజిటింగ్ కార్డు అంచుతో గింజల్ని కూడదీసి, కాగితం మడతలోకి ఎత్తి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో మళ్లీ పోయబోయాడు. గొట్టం మూతికి కాగితం అంచు టకటకా కొట్టుకుంది. ఈసారి సగం బయటే పడ్డాయి.

కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, బల్ల అంచుకు అదిమి, అతను కాసేపు అలాగే కూర్చున్నాడు. మాట వినని పిల్లాణ్ణి రెక్క పట్టుకుని కూర్చోబెట్టినట్టుంది చూడడానికి.

రాధారాణి చెత్తసంచీ అక్కడే వదిలేసి, తలుపు చప్పుడు కాకుండా మూసి లోపలికి వచ్చేసింది. వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది.

కృష్ణమోహన్ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో కారు విడిభాగాలు చేసే కంపెనీలో కొలతల విభాగం చూస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేసే చేతులని అక్కడ పేరు. ఆ చేతులతోనే తన వేట పిస్తోలు ముక్కల్ని అరగదీసి, నునుపు చేసి, కూర్చుకున్నాడు. మూతిలోంచి మందూ గుండూ కూరి ఒక్కసారి మాత్రమే పేల్చగలిగే పాతకాలపు రకం. మిషిగన్‌లో డిసెంబరు వేటలో అలాంటి వాటికే అనుమతి. రైఫిలుతో వందగజాల అవతలి నుంచి కొట్టడం అతనికి వేటలా తోచదు. జింక ముక్కులోంచి ఆవిరి కనపడేంత దగ్గరికి రావాలి, చేతిలో ఒక్కటే గుండు ఉండాలి అంటాడు. తెచ్చిన మాంసాన్ని రాధారాణే మిరియాలు దట్టించి వండేది. వేట ఆమెకు వింత కాదు. వేటంటే ఆమె భయపడిందీ లేదు, ఆ సాయంత్రం దాకా.

చేతివణుకు సంగతి దసరా నుంచి గమనిస్తూనే ఉంది. కాఫీ కప్పు పోయి మూతున్న గ్లాసు వచ్చింది. చొక్కా గుండీలు పోయి టీషర్టులు వచ్చాయి. స్నేహితుల ఇళ్లలో భోజనాల దగ్గర ఉపవాసమనడం మొదలుపెట్టాడు. డాక్టరుకు చూపించుకుందామని ఆమె ఒకసారి అంటే చలికి అని నవ్వేశాడు. రెండోసారి అంటే కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఇంట్లో వణికితే కప్పు పగులుతుంది, అంతేకదా అని ఆమె కూడా సర్దుకుంది. ఆ చేతిలో పిస్తోలు ఉంటుందన్న సంగతి ఇన్నాళ్లూ ఆమెకు తట్టనే లేదు.

శనివారం వేటకు రాజ్ కూడా వస్తున్నాడు. కరీంనగర్ అబ్బాయి, అదే కంపెనీలో ప్రోగ్రామర్. కృష్ణమోహన్‌ని అన్నా అని, ఆమెను వదినా అని పిలుస్తాడు. రాజ్ వాళ్ల చిన్నపిల్ల అనిక ఆదివారం వస్తే రాధారాణి ఒళ్లోంచి దిగదు. పొద్దుగూకే వేళ చిత్తడినేల గట్టు వెంబడి రాజ్ తిరిగి రావడం, వణుకుతున్న పిస్తోలు గొట్టం అటు తిరగడం ఆమె కళ్లకు కట్టాయి.

రాజ్‌తో చెప్పేద్దామనుకుంది. ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. కానీ మొగుడి చెయ్యి చెడిపోయిందని అతనికి తెలియకుండా బయటివాళ్లకు చెప్పడమంటే నలుగురిలో అతని తలపాగా లాగేసినట్టు. ఫోను కింద పెట్టేసింది.

*

మర్నాడు ఆసుపత్రిలో రాధారాణికి అందరి చేతులే కనిపించాయి. ఆమె పని రక్తం తీయడం. మోచేయి మడతలో నరం వెతికి, దూదితో తుడిచి, సూది దించి, చిన్న సీసాలు నింపి చీటీ అంటించడం. ఒక ముసలాయన చేయి చాపగానే అది గాలికి ఊగే కొమ్మలా ఊగింది. "హోల్డ్ మై రిస్ట్, ఇట్స్ ఓకే," అన్నాడాయన, సిగ్గేమీ లేకుండా. ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వణుకు ఆమె వేళ్లలోంచి మోచేతిదాకా పాకింది. ఇలాంటి చేత్తో మనిషి ఏం చేయగలడు, ఏం చేయలేడు అని అడగాలనిపించింది. అడగలేదు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ, రేపు తనూ వేటకు వస్తానంది.

కృష్ణమోహన్ ముద్ద పట్టుకున్న చేయి ఆపి ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది ఇప్పుడెందుకు అని అతను అడిగితే ఏం చెప్పాలో ఆమె పొద్దుటి నుంచి కూర్చుకుంటోంది. అతను అడగలేదు. ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఆమెకు దిగులు ఇంకా ఎక్కువైంది. అన్నం తిన్న వెంటనే దుకాణానికి తీసుకెళ్లి, అనుభవమున్నవాళ్ల పక్కన కూర్చుని వేటాడే కొత్తవాళ్లకిచ్చే లైసెన్సు ఇప్పించాడు, నారింజరంగు కోటు కొనిచ్చాడు. తిరిగొచ్చాక గరాజులో దీపం వేసి, పిస్తోలు ఆమె చేతిలో పెట్టాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

నింపడం అతను ఓపిగ్గా నేర్పాడు. ముందు మందు. దాని మీద నూనె పట్టించిన గుడ్డపేలిక. పేలిక మీద సీసపు గుండు. కడ్డీతో అడుగుదాకా గట్టిగా దిగగొట్టాలి. అన్నీ అయ్యాక, ఆఖరున, వెనక ఉన్న చిన్న ఇనుప మొలక మీద రాగి క్యాపు తొడగాలి. మీట నొక్కితే సుత్తి క్యాపును కొడుతుంది, ఆ నిప్పు మొలకలోని సన్నని రంధ్రంలోంచి మందుకు అంటుకుంటుంది.

"అంటుకోకపోతే?" అంది.

"గొట్టం అటే చూపించి అలాగే పట్టుకోవాలి. లోపల నిప్పు రగులుతూ ఉండొచ్చు. ఆగి ఆగి పేలుతుంది. ఎంతమంది కళ్లు పోయాయో."

"మందు వేయడం మర్చిపోతే?"

కృష్ణమోహన్ నవ్వాడు. "ప్రతివాడికీ ఒకసారైనా జరుగుతుంది. క్యాపు టప్పుమంటుంది, గుండు మాత్రం కదలదు. తర్వాత దాన్ని బయటికి తీయడం పెద్ద తద్దినం. మొలక ఊడదీసి, ఆ రంధ్రంలోంచి నాలుగు గింజల మందు లోపలికి జార్చి, మళ్లీ బిగించి, నేలలోకి పేల్చి గుండును ఉమ్మించాలి."

ఆమె తల ఊపింది. మొలక ఊడదీసే చిన్న రెంచిని అటూఇటూ తిప్పుతూ ఉండిపోయింది. ఏం చేయాలో అప్పుడే ఆమెకు తెలిసిపోయింది.

*

ఆ పొలం రాజ్ ఆఫీసులో పనిచేసే ఒక అమెరికన్‌ది. మొక్కజొన్న కోసేసిన మళ్లు, వాటి వెనక చిత్తడినేల, దాని చుట్టూ దేవదారు చెట్లు. మంచు మడమలదాకా ఉంది. మధ్యాహ్నం వాళ్లు చేరేసరికే రాజ్ తన ట్రక్కు పక్కన నిలబడి పొడుగు తుపాకీ భుజాన వేసుకుంటున్నాడు. అది కూడా మూతిలోంచి నింపేదే కానీ కొత్తరకం, పైన దుర్భిణి ఉంది.

"వదినా, నువ్వొచ్చినవంటే ఇయ్యాల జింకలన్నీ క్యూ కడ్తయి," అన్నాడు.

తను చిత్తడికి అవతలి గట్టున ఉంటాననీ, ఇటువైపు పేల్చననీ, పొద్దు వాలాక రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వస్తాననీ చెప్పాడు. మధ్యలో మంచుగడ్డ ఇంకా పలచగా ఉంది, ఎవరూ అడ్డదారిన రాకూడదు. కృష్ణమోహన్ అన్నిటికీ సరేనన్నాడు. కుడిచేయి కోటు జేబులోంచి తీయలేదు. రాజ్ కరచాలనానికి చేయి చాపితే ఎడమచేత్తో భుజం తట్టి పంపేశాడు.

వాళ్ల మాటు జింకల దారికి ఇరవై అడుగుల దూరంలో, కూలిన దేవదారు కొమ్మల మధ్య కట్టిన చిన్న గుడ్డ గుడారం. లోపల రెండు మడత కుర్చీలు. ముందువైపు కిటికీలా కోసిన సందు. కృష్ణమోహన్ కూర్చోగానే చేతి తొడుగులు తీసి, సంచీలోంచి పిస్తోలు తీశాడు. మందు గొట్టం మూత లాగబోయాడు. మూత రాలేదు. వేళ్లు దాని మీద జారిపోయాయి. మళ్లీ లాగాడు.

"చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నువ్వు నింపు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఇంత సులువుగా అవుతుందని ఆమె అనుకోలేదు. పిస్తోలు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది. మూత తీసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె మందు గొట్టాన్ని పిస్తోలు మూతి పక్కగా వంచి, మందునంతా తన కోటు చేతి మడతలోకి ఒంపేసుకుంది. పేలిక పెట్టింది. గుండు పెట్టింది. కడ్డీతో దిగగొట్టింది. అతను ఒకసారి తిరిగి కడ్డీ వైపు చూశాడు, మళ్లీ బయటికి చూశాడు. క్యాపు తొడిగి పిస్తోలు అతనికి ఇచ్చింది.

ఇక ఏమీ జరగదని తనకు తానే చెప్పుకుంది. అయినా భయం తగ్గలేదు, చోటు మాత్రం మారింది. ఇప్పుడు అతనికి దొరికిపోతానేమోనన్న భయం. పిస్తోలును ఒళ్లో పెట్టుకుని అతను ప్రశాంతంగా కూర్చున్న కొద్దీ, ఉత్త గొట్టాన్ని నమ్ముకుని ఆ మనిషి కూర్చున్నాడని ఆమె అటు చూడలేకపోయింది. మంచు కొమ్మల మీంచి మెత్తగా జారిపడుతోంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎప్పుడో అవతల గట్టున కాకి అరిచింది.

వెలుతురు నీలంగా మారుతున్న వేళ జింక వచ్చింది. ముందు కాళ్లు కనిపించాయి, తర్వాత మెడ. చిన్న కొమ్ములున్న మగజింక. ఒక అడుగు వేసి ఆగుతోంది, ముక్కు ఎత్తి గాలి వాసన చూస్తోంది. ముక్కులోంచి వచ్చే ఆవిరి స్పష్టంగా కనిపిస్తోంది. రాధారాణి ఇంత దగ్గరగా జింకను ఎప్పుడూ చూడలేదు. దాని కంటి కింది తడి కూడా కనపడుతోంది.

కృష్ణమోహన్ పిస్తోలు ఎత్తాడు. సుత్తి వెనక్కి లాగిన చప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు వినిపించింది. జింక చెవులు ఇటు తిరిగాయి. గొట్టం కొస కిటికీ సందులో ఊగుతోంది. జింక భుజం మీదికి వెళ్లింది, పొట్ట మీదికి జారింది, చెట్టు మీదికి పోయింది, మళ్లీ వచ్చింది. అతను ఎడమచేత్తో కూడా పట్టుకున్నాడు. అప్పుడు రెండు చేతులూ ఊగాయి. రాధారాణి పళ్లు బిగించి చూస్తూ ఉండిపోయింది. మందుంటే ఆ గుండు ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలియదు.

మీట నొక్కాడు. టప్పుమంది. జింక ఎగిరి, మంచు చిమ్ముకుంటూ చిత్తడి వైపు పరుగెత్తింది.

కృష్ణమోహన్ వెంటనే పిస్తోలు దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అప్పుడే దించకూడదన్నారుగా," అంది.

"లోపల ఏముందని?" అన్నాడు.

ఆమె చేయి కోటు చేతి మడత మీదికి పోయింది.

"కడ్డీ మీద గీత పెట్టుకున్నాను రాధా. మందుంటే గీత మూతి దగ్గరే ఆగుతుంది. నువ్వు దిగగొడితే లోపలికి పోయింది." గొంతులో కోపం లేదు. "మర్చిపోయావేమో అనుకున్నాను ముందు. నీ మొహం చూశాక మర్చిపోలేదని తెలిసింది."

"తెలిసి మరి ఎందుకు గురిపెట్టారు?"

అతను పిస్తోలు సుత్తిని బొటనవేలితో తడిమాడు. "మందుంటే పెట్టేవాణ్ణి కాదు. నువ్వూ వస్తానన్న నిన్నటిదాకా నేను నిద్రపోలేదు. రాజ్‌కి రానని చెప్పలేను, వచ్చి పేల్చలేను. ఉత్తదని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారి... ఎలా ఉందో చూసుకుందామని."

ఇన్నాళ్లూ తనొక్కతే భయపడుతున్నానని ఆమె అనుకుంది. ఏదో అనబోతుండగా అవతలి గట్టున రాజ్ తుపాకీ పేలింది.

*

ముందు నీటి చప్పుడు, గట్టు అంచున పలచటి మంచు పగులుతున్న చప్పుడు వినిపించాయి. తర్వాత అదే దారిన అదే జింక తిరిగొచ్చింది. ముందు కాళ్ల మీద నెట్టుకుంటూ వచ్చింది. వెనకభాగం నేల మీద ఈడ్చుకొస్తోంది. దాని వెనక మంచు మీద ఎర్రటి చార. మాటు ముందుకు వచ్చి, ఇక రాలేక, పక్కకు ఒరిగిపోయింది. లేవబోయింది. మళ్లీ ఒరిగింది. నోరు తెరిచి, బొంగురుగా, మనిషి మూలుగులాంటి శబ్దం చేసింది.

పరిగెత్తే జింకను రాజ్ కొట్టాడు, నడుం విరిగింది అన్నాడు కృష్ణమోహన్. బయటికొచ్చి అవతలి గట్టుకేసి రాజ్ పేరు పెట్టి అరిచాడు. దూరంగా జవాబు వచ్చింది కానీ అతను రోడ్డు చుట్టి రావడానికి చీకటి పడుతుంది. అంతసేపు దాన్ని అలా వదిలేయడమా?

రాధారాణి గుడారంలోంచి బయటికి రాలేకపోయింది. ఆ శబ్దం ఆగడం లేదు. క్యాపు చప్పుడుకు బెదిరి అది రాజ్ వైపు పరుగెత్తింది. మందు వేసి ఉంటే ఏమయ్యేదో, వేయకపోతే ఇదయింది. ఆమె చెవులు మూసుకుంది, మళ్లీ తీసింది.

కృష్ణమోహన్ మంచులో మోకరిల్లి రెంచి మొలకకు పట్టించాలని చూస్తున్నాడు. రెంచి జారి మంచులో పడింది. వెతికి తీశాడు. మళ్లీ జారింది. అతను తలెత్తి ఆమె వైపు చూశాడు.

"రాధా, నావల్ల కాదు."

దసరా నుంచీ ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉంది. ఇలా వస్తుందనుకోలేదు. లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది. తొడుగులు పళ్లతో లాగేసింది. రెంచి తిప్పి మొలక ఊడదీసింది. అతను చెబుతున్నాడు, ఆమె చేస్తోంది. కోటు చేతి మడతలోంచి అరచేతిలో నాలుగు గింజల మందు పోసుకుని, సన్నటి రంధ్రంలోకి ఒక్కొక్కటే జార్చింది. మొలక బిగించింది. క్యాపు తొడిగి, గొట్టాన్ని గట్టు మట్టిలోకి చూపించి, మొహం పక్కకు తిప్పుకుని మీట నొక్కింది. తుస్సుమని గుండు బయటపడి మంచులో బొక్క చేసింది. ఆ చప్పుడుకు జింక ముందుకాళ్లతో మంచును తన్నింది, మెడ పైకెత్తి చుట్టూ చూసింది. ఆమెను చూసింది.

ఆమె ఏడుస్తున్నట్టు ఆమెకే తెలియలేదు. మళ్లీ మొదటి నుంచి. మందు. ఈసారి సంచీలోని ఇంకో మందు గొట్టమంతా ఒంపింది. పేలిక, గుండు. కడ్డీ. గీత మూతి దగ్గర ఆగింది. ఇద్దరూ దాన్ని చూశారు.

"వెనక నుంచి వెళ్లు. కాళ్ల దగ్గరికి పోవద్దు, తంతుంది. చెవి కింద. దగ్గరగా పట్టుకో, కానీ తగలనీయకు. నేను నీ వెనకే ఉంటాను," అన్నాడు.

ఆ నాలుగడుగులూ నడవడం ఆమెకు జీవితంలో అన్నిటికంటే కష్టమైన పనయింది. మంచు ఎక్కడ గుంటగా ఉందో తెలియక కాలు దిగబడింది. జింక వాసన కొట్టింది, తడి ఆకుల వాసన, రక్తం వాసన. వీపు వెంట్రుకల మీద మంచు కరిగి మెరుస్తోంది. దాని పక్కటెముకలు ఎగిసిపడుతున్నాయి. సుత్తి లాగడానికి రెండు బొటనవేళ్లూ పట్టాయి. ఆ చప్పుడుకు అది చెవి తిప్పింది. ఇప్పుడు తను తప్పితే, ఇంకోసారి నింపేదాకా ఇది ఇలాగే చూస్తూ ఉంటుంది. ఊపిరి బిగబట్టింది.

పేలిన చప్పుడు ఛాతీకి తగిలింది. తెల్లటి పొగ కమ్మేసి ఏమీ కనిపించలేదు. కుళ్లిన గుడ్డు వాసన. పొగలో నిలబడి ఆమె విన్నది. మూలుగు లేదు. పొగ మెల్లగా దేవదారు కొమ్మల్లోకి పాకిపోయింది. జింక తల మంచు మీద ఆనించుకుని ఉంది, నిద్రపోతున్నట్టు కాదు, ఇక లేవనట్టు.

కృష్ణమోహన్ ఆమె చేతిలోంచి పిస్తోలు తీసుకున్నాడు. ఆమె మంచులోనే కూలబడింది. అతను పక్కన కూర్చున్నాడు. తన కోటు తీసి ఆమె మీద కప్పాడు.

*

రాజ్ వచ్చేసరికి టార్చి వేయాల్సిన చీకటి పడింది. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. మంచు మీది ఎర్రటి చార, వెనక కాళ్లు, చెవి కింద గాయం టార్చి వెలుగులో ఒక్కొక్కటే చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని జింక మెడ మీద చేయి వేశాడు.

"నాది మిస్సయిందనుకున్న అన్నా. ఉరుకుతుంటే కొట్టిన. కొట్టకపోవాల్సి ఉండె." జింక మెడ మీది మంచు దులిపాడు. "మంచిగ జేసినవ్. గింత దగ్గర పోయి, ఒక్క షాట్. నీ చెయ్యి కాబట్టి సరిపోయింది."

రాధారాణి తల వంచుకుంది. అది అలాగే ఉండిపోతే బాగుండునని ఆ క్షణాన ఆమెకు నిజంగానే అనిపించింది. మందు వేయని సంగతీ, రెంచి జారిపోయిన సంగతీ ఈ చీకట్లో మంచు కింద కప్పబడిపోతే చాలు. తను చెప్పదు. అతని మాట అతనికే వదిలేయాలి.

"నేను కొట్టలేదు. మీ వదిన కొట్టింది," అన్నాడు కృష్ణమోహన్.

రాజ్ తలెత్తి ఆమెను చూశాడు, ఆ తర్వాత అతన్ని. అర్థం కాలేదు.

కృష్ణమోహన్ కుడిచేయి ప్యాంటు జేబులోంచి తీశాడు. తొడుగు లేదు. దాన్ని టార్చి వెలుగులోకి, రాజ్ ముందుకు చాపి, అలాగే ఉంచాడు. దాచడానికి ఎడమచేయి అడ్డం పెట్టలేదు.

మంచులో మోకాళ్ల మీద ఉన్న తనను లేపడానికి చేయి అందిస్తున్నాడనుకున్నాడు రాజ్. ఆ చేయి పట్టుకుని పైకి లేచాడు. లేచి నిలబడ్డాక అతని మొహం మారింది. రెండో చేతిలోని టార్చి మెల్లగా కిందికి దించేశాడు. చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనపడలేదు.

రాజ్ ఆ చెయ్యి వదల్లేదు.